బస్సెక్కేలోపు ఒక ప్రశ్న

బిడ్డా,

సూపర్‌కంప్యూటింగ్ ఛాలెంజ్‌కు ఈ ఏడు మీ మిడిల్ స్కూల్ నుంచి రెండు టీములను తీసుకెళ్తున్నావని విని నాకెంత సంతోషమైందో చెప్పలేను. న్యూమెక్సికోలో నీకింకా అన్నీ కొత్తే, అయినా ఈ బరువు ఎత్తుకున్నావు. “కిక్‌ఆఫ్‌కు నెలే ఉంది చిన్నాయనా, పైథాన్‌తో మొదలుపెట్టనా, నెట్‌లోగోతోనా?” అని అడిగావు. దానికి జవాబు చెప్తాను. అంతకన్నా ముందు చూసుకోవాల్సింది ఒకటుంది. ఆ పిల్లలు అక్టోబరులో కిక్‌ఆఫ్ సమావేశానికి బస్సెక్కేనాటికి ఒక్కో టీము దగ్గర ఒక్కో ప్రశ్న ఉండాలి, వాళ్ళంతట వాళ్ళు అడిగిన ప్రశ్న. ప్రోగ్రామింగ్ తర్వాత ఎవరైనా నేర్పుతారు. ప్రశ్నను మాత్రం ఎవరూ అరువివ్వలేరు.

ఈ పోటీ ఎలా పుట్టిందో కొంచెం తెలిస్తే నేను ఎందుకింత పట్టుబడుతున్నానో నీకే అర్థమవుతుంది. 1990లో లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాల డైరెక్టరుగా ఉన్న సిగ్‌ఫ్రీడ్ హెకర్, న్యూమెక్సికో టెక్నెట్ అధ్యక్షుడు టామ్ థార్న్‌హిల్ కలిసి దీన్ని తలపెట్టారు. టెక్నెట్ అంటే ఈ రాష్ట్రంలోని ప్రయోగశాలలను, విశ్వవిద్యాలయాలను కంప్యూటర్ నెట్‌వర్క్‌తో కలపడానికి 1985లో పని మొదలుపెట్టిన, లాభాపేక్ష లేని సంస్థ. సెనేటర్ పీట్ డొమెనిచీ, సూపర్‌కంప్యూటర్లు తయారుచేసే క్రే రీసెర్చ్ అధిపతి జాన్ రోల్‌వాగన్ వాళ్ళకు అండగా నిలిచారు. అప్పట్లో సూపర్‌కంప్యూటర్ ముందు కూర్చోవాలంటే పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే వంతు కోసం ఎదురుచూసేవాళ్ళు. అట్లాంటి యంత్రాన్ని పల్లెటూరి బడిపిల్లల చేతికి ఇద్దామన్న ఆలోచన వచ్చిందే, అదే నాకు గొప్పగా అనిపిస్తుంది. మొదట హైస్కూలు వాళ్ళకే ఉండేది. 2000లో మిడిల్ స్కూలు పిల్లలనూ పిలిచారు, వాళ్ళు బాగా చేశారు. రెండేళ్ళకు పోటీ పేరులోంచి ‘హైస్కూల్’ అన్న మాటే తీసేశారు. నీ ఏడో తరగతి పిల్లలు చిన్నవాళ్ళని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పు.

ఇది ఒక్కరోజు పరీక్ష కాదు, కంప్యూటర్ మోడల్‌తో ఒక ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఏడాదంతా సాగుతుంది. శరదృతువులో కిక్‌ఆఫ్, వెంటనే ఏం చేయబోతున్నామో చెప్పే ప్రతిపాదన, చలికాలం మొదట్లో మధ్యంతర నివేదిక, ఫిబ్రవరిలో శాస్త్రవేత్తలు వచ్చి పిల్లలతో కూర్చుని చేసే సమీక్ష, ఏప్రిల్‌లో తుది నివేదిక, ఆ నెలాఖరులో ప్రదర్శన, బహుమతులు. ఆర్నెల్లకు పైగా ఒకే విషయం పట్టుకుని ఉండాలి. పన్నెండేళ్ళ పిల్లవాడు ఒకే పని మీద ఆర్నెల్లు నిలబడాలంటే, ఆ పని వాడికి నిజంగా కావాల్సినదై ఉండాలి. టీచరు ఇచ్చిన అంశం దీపావళి దాటదు, నా మాట నమ్ము.

అందుకని వచ్చే శుక్రవారం పిల్లలను కూర్చోబెట్టి కంప్యూటర్లు మూసేయించు. “మన ఊళ్ళో మీకు అంతుపట్టనిది, మిమ్మల్ని భయపెట్టేది, ఇట్లా ఎందుకుందని కోపం తెప్పించేది ఏముంది?” అని అడుగు. మొదట వచ్చే జవాబులు టీవీలోంచి వస్తాయి. వాతావరణ మార్పు, క్యాన్సర్, కుజగ్రహం. వాటిని కొట్టిపారెయ్యకు, బోర్డు మీద రాసి పక్కన పెట్టు. కాసేపటికి అసలువి బయటపడతాయి. మధ్యాహ్నం భోజనం లైను ఎందుకంత మెల్లగా కదులుతుంది? మా తాత తోటకు జూన్‌లో నీళ్ళెందుకు రావు? మొన్న ఫ్లూ మా తరగతిలోనే ఎందుకంత పాకింది? వీటిలో ప్రతి ఒక్కటీ మంచి ప్రాజెక్టు అవుతుంది. ఆ ఫ్లూ ప్రశ్నకు పునాది లెక్కలు కెర్మాక్, మెకెండ్రిక్ అనే ఇద్దరు 1927లోనే వేసి పెట్టారు. మనుషులను మూడు గుంపులు చేశారు: రోగం రాగలవాళ్ళు, వచ్చినవాళ్ళు, వచ్చి తేరుకున్నవాళ్ళు. ఒక గుంపులోంచి ఇంకో గుంపులోకి ఎంత వేగంగా కదులుతారో చూస్తే రోగం ఎక్కడిదాకా పోతుందో తెలుస్తుంది. కూడిక, తీసివేత, గుణకారం వచ్చిన పిల్లలు ఈ లెక్కను కాగితం మీదే రోజువారీగా వేసుకుంటూ పోవచ్చు.

ప్రశ్న దొరికాక దాన్ని చెక్కాలి. ఇదే కష్టమైన పని, నీ సహాయం కావాల్సిందీ ఇక్కడే. ఒక టీము “కార్చిచ్చు మీద చేస్తాం” అంటుంది అనుకో. న్యూమెక్సికో పిల్లలు ఆ మాట అనకుండా ఉండరు. 2000 మే నెలలో బ్యాండెలియర్ జాతీయ స్మారక వనంలో ఎండుగడ్డి, ఎండుకొమ్మలు తగ్గించడానికి సిబ్బందే పెట్టిన మంట గాలికి చెయ్యిదాటి లాస్ అలమోస్ ఊళ్ళోకి వచ్చింది. నాలుగు వందలకు పైగా కుటుంబాలు ఇళ్ళు పోగొట్టుకున్నాయి. 2022లో హెర్మిట్స్ పీక్, కాఫ్ కాన్యన్ మంటలు కలిసిపోయి 3,41,000 ఎకరాలకు పైగా కాల్చాయి. ఈ రాష్ట్ర చరిత్రలో అంత పెద్దది లేదు. అదీ అడవి శాఖ ముందుజాగ్రత్తగా పెట్టిన మంటల్లోంచి పుట్టిందే. కాబట్టి పిల్లలకు ఈ విషయం మీద అడగాల్సింది చాలా ఉంటుంది. కానీ ‘కార్చిచ్చు’ ఒక అంశం మాత్రమే, ఇంకా ప్రశ్న కాలేదు. ఏ కొండ మీద? ఏం మార్చి చూస్తారు, చెట్ల సాంద్రతా, గాలా, తేమా? చివరికి దేన్ని లెక్కపెడతారు, కాలిన ఎకరాలా, మంట ఊరిదాకా రావడానికి పట్టిన గంటలా? ఇలా అడుగుతూ పోతే ఒక గంటలో ఇక్కడికి వస్తారు: “మన బడి వెనక కొండ మీద చెట్లు నరికి ఎంత వెడల్పు దారి వదిలితే గట్టి గాలి ఉన్నా మంట దాన్ని దాటదు?” ఇది ప్రశ్న. దీనికి జవాబు ఒక అంకెగా చెప్పవచ్చు. ఆ అంకె తప్పని ఎవరైనా చూపించనూవచ్చు.

ఇంకొక మాట. ఆ మంటల్లో ఇల్లు పోయిన కుటుంబాల పిల్లలు నీ తరగతిలో ఉండొచ్చు. వాళ్ళను ఈ అంశం తీసుకోమని నువ్వు అడగొద్దు. వాళ్ళే తీసుకుంటామంటే అడ్డుపడొద్దు. ఎందుకు తీసుకున్నారో చెప్పమని నలుగురిలో అడగొద్దు.

ప్రశ్నతో పాటే ఇంకొకటి ఇప్పుడే చూసుకో: ఆ ప్రశ్నకు కావాల్సిన కొలతలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా? డిసెంబరులో చాలా ప్రాజెక్టులు ఇక్కడే చతికిలబడతాయి. మోడల్ బాగా రాస్తారు, దానికి పెట్టడానికి నిజమైన అంకెలుండవు, అప్పుడు ఊహించి వేస్తారు. నీటి విషయం ఎంచుకున్న టీముకు మాత్రం ఈ రాష్ట్రంలో పుట్టడం అదృష్టమే. అమెరికా భూగర్భ సర్వే సంస్థ నదిలో నీటి ప్రవాహాన్ని కొలిచే తన మొట్టమొదటి కేంద్రాన్ని 1889లో పెట్టింది ఇక్కడే, రియో గ్రాండె మీద ఎంబూడో దగ్గర. నూరేళ్ళకు పైబడిన కొలతలు ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు.

నీటి మాట వచ్చింది కనుక చెప్తున్నాను. నీ విద్యార్థుల్లో కొందరి ఇళ్ళకు అసేకియా కాలువ నీళ్ళు పారుతుంటాయి. స్పెయిన్ వాళ్ళ కాలం నుంచి వస్తున్న ఊరుమ్మడి కాలువలవి. ఏటా వసంతంలో రైతులంతా కలిసి పూడిక తీస్తారు, మయోర్‌డోమో అనే పెద్దమనిషి ఎవరి వంతు ఎప్పుడో చూసి నీళ్ళు వదులుతాడు. మన ఊళ్ళో చెరువు తూము దగ్గర నీరటి చేసే పని సరిగ్గా అదే. కరువు ఏడాది వచ్చినప్పుడు ఎగువ పొలానికీ దిగువ పొలానికీ న్యాయం తప్పకుండా పంచే విద్య వాళ్ళిద్దరికీ కాగితం లేకుండానే తెలుసు. ఒక పిల్ల వెళ్ళి తన ఊరి మయోర్‌డోమోను “నీళ్ళు సగమే వస్తే ఎట్లా పంచుతావు తాతా?” అని అడిగి ఆయన చెప్పిన నియమాలను అలాగే మోడల్‌లో పెడితే, వంతుల పద్ధతి మేలా, ఎకరాల లెక్కన పంచడం మేలా అని చూడొచ్చు. ఆ టీముకు కావాల్సిన నిపుణుడు ప్రయోగశాలలో లేడు, కాలువ గట్టు మీద ఉన్నాడు. మనం పుట్టి పెరిగిన తీరు వల్ల ఈ విషయం ఇక్కడి చాలామంది టీచర్లకన్నా నీకు తొందరగా పట్టుబడుతుంది. అయినా నువ్వుగా సూచించొద్దు. పిల్లలు ఆ వైపు చూస్తే మాత్రం నీ కళ్ళల్లో ఉత్సాహం దాచుకోకు.

ఇప్పుడు నువ్వు అడిగిన దానికి వస్తాను. నెట్‌లోగోతో మొదలుపెట్టు. ఉరి విలెన్‌స్కీ 1999లో మొదలుపెట్టిన ఈ సాధనం ఉచితం. బడిలో ఇచ్చే క్రోమ్‌బుక్‌లో ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా బ్రౌజర్‌లోనే నడిచే వెర్షన్ కూడా ఉంది. దాని నమూనాల గ్రంథాలయంలో ‘ఫైర్’ అనే చిన్న మోడల్ ఉంటుంది. గళ్ళ కాగితం లాంటి మైదానం, కొన్ని గళ్ళలో చెట్లు, ఎడమ అంచున నిప్పు. కాలుతున్న చెట్టుకు నాలుగు వైపులా ఆనుకుని ఉన్న గళ్ళలో చెట్టుంటే దానికి అంటుకుంటుంది. అంతే. మైదానంలో నూటికి ఎన్ని గళ్ళలో చెట్లుండాలో మనం మార్చుకోవచ్చు. ఒక పీరియడ్ మొత్తం దీనికే ఇవ్వు.

ముందు వాళ్ళచేత ఊహించి గీయించు: చెట్లు పెరుగుతున్నకొద్దీ కాలిన భాగం ఎట్లా పెరుగుతుంది? దాదాపు అందరూ తిన్నగా ఒక వాలుగీత గీస్తారు. తర్వాత నడిపించు. నూటికి యాభై పెడితే మంట కొంచెం దూరం పోయి ఆరిపోతుంది. డెబ్భై పెడితే మైదానమంతా బూడిద. ఇక మధ్యలో వెతకమను. యాభై ఏడు, యాభై ఎనిమిది, అరవై, అరవై ఒకటి. యాభై తొమ్మిది దగ్గర గీత ఒక్కసారిగా పైకి లేస్తుంది. నాలుగు వైపులా మాత్రమే పాకే ఇలాంటి అంతులేని గళ్ళ మైదానంలో ఆ మలుపు 59.27 శాతం దగ్గర ఉంటుందని గణితజ్ఞులు లెక్కగట్టారు. ఆ అంకె నువ్వు ముందే చెప్పొద్దు. గట్టిగా పట్టుకుని దాచు. పిల్లలు తమంతట తాము ఆ మలుపు కనిపెట్టినప్పుడు వేసే కేక నువ్వు వినాలి. నాలుగు చెట్లు అటూ ఇటూ అయితే ఒక అడవి మిగలడమో మొత్తం పోవడమో జరగొచ్చని ఆ పూట వాళ్ళకు ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

ఆ పీరియడ్‌లోనే ఇంకో తగాదా వస్తుంది. యాభై తొమ్మిది పెడితే ఒకడికి మైదానమంతా కాలుతుంది, పక్కవాడికి సగంలో ఆరుతుంది. “నీది తప్పు, నాది రైటు” అని కొట్టుకుంటారు. కొట్టుకోనివ్వు. చెట్లు ప్రతిసారీ వేరే చోట్ల పడతాయి కనుక ఒక్కసారి నడిపి చెప్పేది ఏమీ లేదనీ, ఇరవైసార్లు నడిపి లెక్కగట్టాలనీ ఎవరో ఒకరు అంటారు. అప్పుడు గణితజ్ఞుడు స్టానిస్లా ఉలమ్ సంగతి చెప్పు. 1946లో ఆయన జబ్బుపడి తేరుకుంటూ పేకముక్కలతో ఒంటరిగా ఆడుకునేవాడు. ఆట గెలిచే అవకాశం ఎంతని సూత్రాలతో కట్టబోయి, అది తెగకపోయేసరికి, వందసార్లు ఆడి ఎన్నిసార్లు గెలిచామో లెక్కపెడితే పోలా అనుకున్నాడు. ఆ ఆలోచనను తోటి గణితజ్ఞుడు వాన్ నాయ్‌మన్‌కు చెప్పాడు. మెట్రపొలిస్ అనే మరో శాస్త్రవేత్తతో కలిసి 1949లో దాని మీద వ్యాసం రాశాడు. మాంటె కార్లో పద్ధతి అని ఇవాళ లోకమంతా వాడుతున్నది అదే. అది ఎదిగింది మీ రాష్ట్రంలోని లాస్ అలమోస్‌లోనే.

కిక్‌ఆఫ్ లోపు ఇంతకన్నా ప్రోగ్రామింగ్ అక్కర్లేదు. అక్కడ తరగతులుంటాయి, కొత్తవాళ్ళకూ ఉంటాయి, కాస్త వచ్చినవాళ్ళకూ ఉంటాయి. పైథాన్ కావాలనిపిస్తే ప్రాజెక్టే వాళ్ళను అటు నడిపిస్తుంది.

టీము కట్టే విషయంలో మాత్రం నీకు గట్టిగా చెప్పాలి. ఐదుగురి దాకా ఉండొచ్చని నియమం. ఈ వయసు పిల్లలకు ముగ్గురు, మహా అయితే నలుగురు మేలని నా అభిప్రాయం. ఐదుగురిలో ఇద్దరికి పనుండదు, ఆ ఇద్దరూ ఎవరో నీకు నవంబరులో తెలుస్తుంది, అప్పటికి వాళ్ళ మనసు విరిగిపోయి ఉంటుంది. స్నేహితులంతా ఒక టీము అన్నది కూడా ఎప్పుడూ కుదరదు. ఒకే ప్రశ్న మీద మనసున్నవాళ్ళను కలుపు, స్నేహం దానంతట అదే వస్తుంది. ఆడపిల్లల మీద ఒక కన్నేసి ఉంచు. నేను ఎన్ని బడులకు సమీక్షకు వెళ్ళినా ఒకటి చూస్తూనే ఉన్నాను. మొదటివారంలో కీబోర్డు ముందు ఎవరు కూర్చుంటే ఏడాదంతా వాళ్ళదే అవుతుంది. చేతిరాత బాగుందని అమ్మాయికి పోస్టరు, నివేదిక అప్పగిస్తారు. ఫిబ్రవరిలో శాస్త్రవేత్త వచ్చి “ఈ వాక్యం ఏం చేస్తుంది?” అని ప్రోగ్రాము చూపిస్తే ఆ పిల్ల తల దించుకుంటుంది. వారం వారం కుర్చీలు మార్పించు. ఎవరూ ఒకే పని రెండు వారాలు వరసగా చేయకూడదని కిక్‌ఆఫ్‌కు ముందే నియమం పెట్టు, పిల్లలచేతే రాయించి గోడకు అంటించు.

మేరీ సింగూ గురించి వాళ్ళకు చెప్పు. 1950ల్లో లాస్ అలమోస్‌లో మానియాక్ అనే కంప్యూటరు మీద ఫెర్మీ, పాస్టా, ఉలమ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం తలపెట్టారు. స్ప్రింగులతో ముడిపడిన బిందువుల వరసను కదిపితే ఆ శక్తి క్రమంగా అన్నిటికీ సమంగా సర్దుకుంటుందని వాళ్ళ అంచనా. అట్లా సర్దుకోలేదు. కొంతసేపటికి దాదాపు మొదటి స్థితికే తిరిగి వచ్చింది. అంచనా తప్పి అంత గొప్పగా పేరుతెచ్చుకున్న కంప్యూటర్ ప్రయోగం ఇంకొకటి చూపించడం కష్టం. ఆ ప్రోగ్రాము రాసి, యంత్రం మీద నడిపింది మేరీ సింగూ. 1955 నాటి నివేదికలో ఆమెకు కృతజ్ఞతలు చెప్పారు గానీ రచయితల వరసలో పేరు లేదు. దశాబ్దాల పాటు ఆ సమస్యను ముగ్గురి పేర్లతోనే పిలిచారు. 2008 తర్వాతే ఆమె పేరు కూడా కలిపి నలుగురి పేర్లతో పిలవడం మొదలైంది. నీ టీముల నోటు పుస్తకంలో ప్రతిరోజూ ఎవరు ఏం చేశారో, ఆ ఆలోచన ఎవరిదో పేరుతో సహా తేదీ వేసి రాయించు. తుది నివేదికలో టీము తమ సొంత ఘనకార్యం ఏమిటో రాయాల్సిన భాగం ఒకటుంటుంది. అప్పుడు ఈ పుస్తకమే సాక్ష్యం.

ఇప్పుడు ఇంకొక చిక్కు వచ్చిపడింది. పిల్లలు కృత్రిమ మేధను అడిగి క్షణంలో ప్రోగ్రాము తెచ్చేసుకుంటున్నారు. వద్దని అరిస్తే చాటుగా చేస్తారు. నేనైతే ఒక్కటే షరతు పెడతాను: టీములో ఎవరిని లేపి ఏ వాక్యం చూపించినా అది ఏం చేస్తుందో, అది తీసేస్తే ఏమవుతుందో చెప్పగలగాలి. చెప్పలేనిది ప్రాజెక్టులో ఉండకూడదు. ఈ షరతును ‘ఫైర్’ మోడల్ మీదే మొదలుపెట్టు, చిన్నది కనుక భయపడరు. నివేదికలో ఏ సహాయం ఎక్కడ తీసుకున్నారో దాచకుండా రాయించు.

నీకు ప్రోగ్రామింగ్ పెద్దగా రాదని దిగులు పడుతున్నావు. అది నాకు దిగులుగా లేదు. గణితం టీచరువి. ఒక పిల్లవాడు గ్రాఫు తెచ్చి చూపిస్తే “ఇది ఇక్కడ ఎందుకు వంగింది?” అని అడగగలవు. ఆ ఒక్క ప్రశ్న అడిగేవాళ్ళు దొరక్క చాలా టీములు వెనకబడతాయి. మోడల్ రాసినది రాసినట్టు నడుస్తోందా, నడుస్తున్నది నిజ ప్రపంచానికి దగ్గరగా ఉందా అన్న రెండు పరీక్షలూ వేర్వేరని పిల్లలకు తెలియజెయ్యి. మొదటి దానికి జవాబు ముందే తెలిసిన చిన్న లెక్క ఇచ్చి చూడాలి: గాలి లేకుండా, నూటికి నూరు గళ్ళూ చెట్లు పెడితే అన్నీ కాలాలి, కాలకపోతే ప్రోగ్రాములో తప్పుంది. రెండో దానికి బయటి కొలతలతో పోల్చాలి. ఈ తేడా తెలిసిన పిల్లలను చూస్తే సమీక్షకు వచ్చినవాళ్ళ ముఖాలు వెలుగుతాయి.

ప్రయాణం పనులు నీకు ఎవరూ చెప్పక్కర్లేదు, అయినా నాలుగు మాటలు. తల్లిదండ్రుల సంతకాల కాగితాలు స్పానిష్‌లో కూడా పంపు. బడి లాప్‌టాపులు బయటి వైఫైకి కలుస్తాయో లేదో వారం ముందే ఇంటిదగ్గర పరీక్షించు. వాటికి బడి పెట్టిన అడ్డంకులు తీసే అధికారం బడి టెక్నీషియన్ దగ్గరే ఉంటుంది, ఆయన శనివారం ఫోనెత్తడు. మందులు వేసుకునే పిల్లలెవరో రాసిపెట్టుకో. ఒకప్పుడు ఈ సమావేశం గ్లోరియెటాలో కొండల మధ్య జరిగేది, తర్వాత సొకోరోలోని న్యూమెక్సికో టెక్‌లో పెట్టేవాళ్ళు. ఎక్కడ జరిగినా అక్టోబరు పొద్దున చలి చలే, స్వెట్టర్లు తేవాలి. విశ్వవిద్యాలయంలో జరిగితే, చాలామందికి దాని లోపల అడుగుపెట్టడం అదే మొదటిసారి. కాబట్టి పది నిమిషాలు ముందే చేరి ఊరికే నడిపించు. ఆ చెట్ల కింద నడుస్తూ, ఇక్కడికి మనం రావచ్చన్నమాట అని వాళ్ళకు అనిపించాలి.

అక్కడ శాస్త్రవేత్తలు, ఇంజినీర్లు పిల్లల ప్రశ్న వింటారు. దాదాపు ప్రతి టీముకూ ఒకే మాట చెప్తారు: బాగుంది, కానీ పెద్దది, తగ్గించండి. మీ పిల్లలకు ముందే చెప్పి ఉంచు. ఆ మాట వాళ్ళ ప్రశ్నను సీరియస్‌గా తీసుకున్నారనడానికి గుర్తు, నవ్వి ఊరుకునేవాళ్ళే వినలేదని లెక్క. ప్రతి పిల్లా ఒక ప్రశ్న కాగితం మీద రాసుకుని తెలియని పెద్దమనిషి దగ్గరకు వెళ్ళి, పేరు చెప్పి, అడిగి, జవాబు రాసుకోవాలి. దీన్ని తరగతిలో నాటకంలా ఆడించు, నువ్వే శాస్త్రవేత్తవు. సిగ్గుపడే పిల్లకు మూడుసార్లు ఎక్కువ అవకాశం ఇవ్వు. అసలు రోజున మాత్రం నువ్వు ఆ పక్కన నిలబడకు. నువ్వుంటే పెద్దాయన నీతో మాట్లాడతాడు, పిల్ల నీ వైపు చూస్తుంది. కాఫీ తీసుకుని గదికి అవతలి మూలన కూర్చో.

మనవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. అల్బుకర్కీలో, లాస్ అలమోస్‌లో చదువుకున్న తెలుగు తల్లిదండ్రులున్నారు. పిల్లలంటే ప్రాణం, పోటీ అంటే అంతకన్నా ఎక్కువ. రాత్రి కూర్చుని ప్రోగ్రాము తామే దిద్దిపెడతారు. నీ టీముల్లో అట్లాంటి తండ్రి ఎవరైనా ఉంటే కసురుకోకు. ఆయనకు ఒక పని అప్పగించు. రెండువారాలకోసారి బడికి వచ్చి, తన పిల్ల లేని టీము దగ్గర కూర్చుని వాళ్ళు చెప్పేది వినమను. ఆయన తెలివి వృథా పోదు, ఆయన కూతురి పనీ ఆయన చేతిలోకి పోదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ప్రాజెక్టు మాట ఎత్తకు. అలసిపోయి ఉంటారు, చిప్స్ తిననివ్వు, పాటలు పెట్టుకోనివ్వు. సోమవారం రాగానే ప్రతి ఒక్కరూ విడివిడిగా అరపేజీ రాయాలి: కిక్‌ఆఫ్‌కు ముందు మన ప్రశ్న ఏమిటి, ఇప్పుడు ఏమిటి, మధ్యలో ఎవరు ఏమన్నందుకు మారింది. టీము సభ్యుల అరపేజీలు పక్కపక్కన పెట్టి చదివితే వాళ్ళంతా ఒకే ప్రాజెక్టు చేస్తున్నారో, మూడు వేర్వేరు ప్రాజెక్టులు చేస్తున్నారో నీకు అప్పుడే తెలిసిపోతుంది. తేడా ఉంటే ప్రతిపాదన పంపేలోపు కూర్చోబెట్టి తేల్చు. అది డిసెంబరులో తేలితే కన్నీళ్ళు తప్పవు.

నీ పిల్లలతో నేను కూడా మాట్లాడతాను, శనివారాలు పొద్దున ఖాళీయే. కానీ ఫోను కలపడానికి ముందు ఒక్కో టీము ప్రశ్నను ఒక్క వాక్యంలో వాళ్ళ మాటల్లోనే రాసి పంపమను. స్పెల్లింగులు నువ్వు దిద్దొద్దు. వచ్చే గురువారానికల్లా పంపిస్తే ఆ వారాంతంలోనే మొదలుపెడదాం.